పెద్దాయనకి కొత్త దీపాలు

"కాఫీ చల్లారిపోతోందని మీ నాన్నగారితో చెప్పు," అంది టైలరమ్మ.

ఆ నాన్నగారు ఆవిడ మోచేతికి జానెడు దూరంలోనే కూర్చుని ఉన్నాడు.

"చల్లారిన కాఫీయే నాకు పడుతోందని మీ అమ్మతో చెప్పు," అన్నాడు పెయింటరు, కప్పు వంక చూడకుండా.

మధ్యలో కూర్చున్న కూతురు బ్రెడ్డు నములుతూ ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసింది. కార్ల కరెంటు పనులు చేసే వర్క్‌షాపులో పనిచేస్తుంది ఆ పిల్ల. ఇంట్లో బుజ్జి, వర్క్‌షాపులో ఫ్యూజు. కోపమొస్తే ఎంత తొందరగా ఎగిరిపోతుందో చూసి అక్కడివాళ్ళు పెట్టిన పేరు.

"జీతమిస్తే ఈ ఉద్యోగం చేస్తాను. లేదంటే మీరూ మీరూ మాట్లాడుకోండి," అంది బుజ్జి. "మా షాపులో చెడిపోయిన హారన్లు మీకంటే నయం. తంతే అయినా మోగుతాయి."

ఇద్దరూ నవ్వలేదు. పైగదిలోంచి దిగివస్తున్న టీసీ అత్త మాత్రం మెట్ల మీదే పకపకా నవ్వింది. ఆవిడ పెయింటరుకి అక్క. రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైంది. రైలుపెట్టె ఈ చివర నిలబడి, ఆ చివర నక్కి కూర్చున్నవాడి గుండెలదిరేలా పిలవడం ఆవిడకు అలవాటు. ఉద్యోగం పోయింది గానీ గొంతు ఎక్కడికీ పోలేదు.

"ఇంకా మాటల్లేవా? ఏరా తమ్ముడూ, స్తంభానికి తగిలిన దెబ్బ కారుకా, మీ ఇద్దరి నోళ్ళకా?" అంది, కుర్చీ లాక్కుంటూ.

కారు అనడం టీసీ అత్తకే చెల్లింది. మిగిలినవాళ్ళకు అది పెద్దాయన. ఆ అక్కాతమ్ముళ్ళ తండ్రి కొన్న బండి. గుండ్రటి కళ్ళు, గుమ్మటంలాంటి వీపు, దగ్గుతూ మొదలై తర్వాత గుర్రుపెట్టే ఇంజను. 'పెద్దాయన్ని కడిగారా', 'పెద్దాయనకు చలిగా ఉంది, కాసేపు ఆగాలి' అని ఆ ఇంట్లో మాట్లాడుకుంటారు. చుట్టాలకు దక్కని మర్యాద దానికి దక్కేది.

అటువంటి పెద్దాయన ఎడమచెంప సొట్టపోయింది. అదీ తన సొంత గేటు దగ్గర.

సంజె చీకట్లో బండిని లోపలికి తెస్తున్నాడు పెయింటరు. టైలరమ్మ ముందే దిగి, గేటు పక్కన నిలబడి, చెయ్యి ఊపుతూ "రండి, రండి, బోలెడు చోటుంది" అంది. ఆ బోలెడు ఎక్కడుందో గానీ స్తంభం మాత్రం అక్కడే ఉంది.

"చూసుకోవద్దా?" అని ఆవిడ. "దీపాలు గుడ్డిగా ఉన్నాయి, ఏం చూసుకోను?" అని ఆయన. "దీపాలు కాదు, మీ కళ్ళు" అని ఆవిడ. అక్కడితో ఆగినా బాగుండేది. టైలరమ్మకు ఒకసారి భయం పుడితే ఆగే మనిషి కాదు. ఆ స్తంభం ఉన్నచోట ఎవరి బిడ్డో ఉండుంటే అన్న ఆలోచన ఆవిడకు నిద్ర పట్టనివ్వలేదు. మర్నాడే తాళంచెవి తీసి కుట్టుపని ఏప్రను జేబులో వేసుకుంది. తన దగ్గర కోట్లు కుట్టించుకునే పళ్ళ డాక్టరుకు పాత కార్లంటే మోజని తెలిసి, ఆదివారం పొద్దున వచ్చి చూసుకోమంది. మొగుడికి మాటమాత్రం చెప్పకుండా.

ఆ సంగతి డాక్టరు నోటనే బయటపడింది. అందుకే ఈ చల్లారిన కాఫీ.

"అమ్మా, నాకో మాట చెప్పు," అంది బుజ్జి. "నాన్న కళ్ళు పోయాయని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ముక్కుమీద సీసా అడుగులాంటి అద్దాలు చూడటం లేదా? నాకు చూడు, ఈ వయసులో అద్దాలే అక్కర్లేదు. ఈమధ్య సూదిలో దారం ఇదివరకటికంటే తేలిగ్గా ఎక్కిస్తున్నాను. కళ్ళ సంగతి నాకు చెప్పొద్దు."

అది నిజమే. ఒకప్పుడు దారం ఎక్కించడానికి కూతుర్ని కేకేసే టైలరమ్మ ఈ ఏడాది ఎవర్నీ పిలవడం లేదు. నల్లగుడ్డ మీద నల్లదారంతో గుండీలు కుట్టి, పనిచేసే అమ్మాయిలకు చూపించి మురిసిపోతోంది.

"అద్దాలు పెట్టుకున్నవాడికి కనిపించదని కాదే, పెట్టుకుంటే కనిపిస్తుందని," అన్నాడు పెయింటరు. పంతం మరిచిపోయి నేరుగా ఆవిడతోనే అనేశాడు. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

"మాట్లాడాడోచ్!" అంది టీసీ అత్త.

బుజ్జి ఆ సందు వదల్లేదు. "ఇలా చేద్దాం. శనివారం నాకు సెలవు. దీపాలు మార్చేస్తాను. సాయంత్రం నాన్నను స్టీరింగు ముందు కూర్చోబెట్టి పరీక్ష పెట్టు. కనిపించకపోతే ఆదివారం పెద్దాయన్ని డాక్టరు తీసుకుపోతాడు. నేను కిమ్మనను. కనిపిస్తే తాళం నాన్న చేతిలో పెట్టాలి."

టైలరమ్మ కాసేపు బల్ల మీది బ్రెడ్డు ముక్కలు ఏరింది. మొగుణ్ణి ఏడిపించాలని కాదు ఆవిడ ఉద్దేశం. ఆయన క్షేమంగా ఇంటికొస్తే చాలు. ఆ మాట మెత్తగా చెప్పడం మాత్రం ఆవిడకు చేతకాదు.

"పరీక్ష నేనే పెడతాను," అంది చివరికి. "ఒక్కటి తప్పినా ఒప్పుకోను."

"వీధిలో బేకరీ బోర్డు చదివిస్తే సరి," అంది టీసీ అత్త.

"బాగుంది వదినా! ఊళ్ళో బోర్డులన్నీ రాసింది ఈయన. కళ్ళకు గంతలు కట్టినా గడగడా చదివేస్తారు. బోర్డులు పనికిరావు. మీరే వీధి ఆ కొసన గోదాము గోడ దగ్గర నిలబడి ఏదో ఒక వస్తువు ఎత్తి చూపించండి. అదేమిటో ఈయన చెప్పాలి."

"అన్యాయం," అన్నాడు పెయింటరు.

"ఏమిటి అన్యాయం?"

"మా అక్క పక్కన ఇంకో వస్తువు ఎవరికి కనిపిస్తుంది?"

ఈసారి టైలరమ్మ పెదవి చివర చిన్నగా వణికింది. నవ్వు బయటపడేలోపు కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

శనివారం పొద్దున్నుంచీ షెడ్డులో తండ్రీకూతుళ్ళ యుద్ధం.

"నాన్నా, ఎల్‌ఈడీ పెట్టేద్దాం. తెల్లగా పట్టపగల్లా ఉంటుంది."

"పెట్టు. పక్కనే పళ్ళు పీకే కుర్చీ కూడా వెయ్యి. పెద్దాయన మొహానికి ఆ వెలుగేమిటే? నా తండ్రి నడిపిన బండి. రాత్రిపూట దారి మీద పడే వెలుగు వెన్న రాసినట్టుండేది."

"వెన్నా లేదు, నెయ్యీ లేదు. ఇప్పుడు పడేది వట్టి మసి."

"మసే. కాదనను. కానీ గుండ్రటి గీతల అద్దం పోకూడదు, దాని చుట్టూ మెరిసే వలయం పోకూడదు. లోపల నువ్వేం చేసుకుంటావో నీ ఇష్టం."

బుజ్జి నిట్టూర్చింది. తండ్రి ఇలాగే అంటాడని ముందే తెలిసి పాతకాలం పోలికతో ఉన్న గీతల అద్దాలు, హాలొజెన్ బల్బులు తెచ్చి సంచిలో ఉంచింది. అయినా వాదించకుండా ఊరుకుంటే తనకు తోచదు.

మెరిసే వలయం ఊడదీసి పాత దీపాన్ని బయటికి లాగింది. లోపల వెండిగిన్నెలా తళతళలాడాల్సిన పూత మరకలు పట్టి, పొట్టు రేగి ఉంది. పెయింటరు దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"పాపం," అన్నాడు.

"పాపమే. ఇప్పుడిది చూడు." బుజ్జి మీటరు తీగలు బ్యాటరీకి ఆనించింది. ముల్లు పన్నెండు వోల్టులు దాటింది. అవే తీగలు బల్బు దగ్గర ఆనించింది. ముల్లు తొమ్మిది దగ్గర చతికిలబడింది. "బయల్దేరినదాంట్లో పావువంతు దారిలోనే ఆవిరి. ఎర్తు తీగ బిగించిన చోట తుప్పు. పాత స్విచ్చిలో మసి. తీగలు ఎండిపోయి పెళుసెక్కాయి. ఇంత కరెంటుతో కొత్త దీపం పెట్టినా ఇలాగే ఏడుస్తుంది."

పెయింటరు మొహం వెలిగిపోయింది. "అంటే తప్పు దీపాలదే! పిలువు మీ అమ్మను!"

"ఆగు నాన్నా. ముందు పని కానీ."

తుప్పు గీకి, ఇనుము తెల్లగా బయటపడేదాకా గరుకు కాగితంతో రుద్దింది. బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి కొత్త తీగ లాగింది. మధ్యలో అగ్గిపెట్టెంత నల్ల డబ్బా బిగించింది.

"ఇదేమిటి?"

"రిలే. ఇన్నాళ్ళూ దీపాల కరెంటంతా నీ పాత స్విచ్చి గుండా పోయేది. కొత్త బల్బులు ఎక్కువ లాగుతాయి. ఆ బరువు దాని మీదేస్తే కాలిపోతుంది. ఇకనుంచి స్విచ్చి హుకుం మాత్రమే ఇస్తుంది. మోసేది రిలే."

పెయింటరు ఆ డబ్బాను కాసేపు సానుభూతితో చూశాడు. "అర్థమైంది. స్విచ్చి మీ అమ్మ. ఇది నేను."

బుజ్జి పకాలున నవ్వి స్క్రూడ్రైవరు కింద పడేసుకుంది. దానికోసం బండి కిందికి వంగి, అక్కడి నుంచే అడిగింది. "నాన్నా, పెద్దాయన పోతే నీకు చాలా కష్టంగా ఉంటుందా?"

పెయింటరు గుడ్డతో వలయం తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"ఉంటుందే. ఎందుకు అబద్ధం చెప్పాలి? వారమంతా నిచ్చెనెక్కి ఎవరెవరి పేర్లో రాస్తాను. ఆదివారం మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పనీపాటూ లేకుండా అలా తిరిగొస్తాను చూడు, అదొక్కటే నాది. దారి పొడుగునా మీ అమ్మ నా మీద ఫిర్యాదులు చెప్తుంది. ఎంత హాయిగా ఉంటుందో!"

షెడ్డు తలుపు పక్క ఏదో అలికిడైంది. ఇద్దరూ తిరిగి చూసేసరికి ఎవరూ లేరు. గడప మీద మాత్రం రెండు కాఫీ కప్పులున్నాయి. పొగలు కక్కుతున్నాయి.

పెయింటరు ఒక కప్పు తీసుకుని వేడివేడిగా తాగేశాడు.

*

పొద్దు వాలుతుండగా పెద్దాయన్ని వీధిలోకి తెచ్చారు. వీధి ఒక కొసన వాళ్ళ ఇల్లు, రెండో కొసన గోదాము. కిటికీలు లేని తెల్లటి గోడ దానిది. ముందు బండిని ఆ గోడకు దగ్గరగా నిలబెట్టి వెలుగు సరిచెయ్యాలి. ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో పడకుండా, దారికి మాత్రం చాలినంత అందేలా.

"దీపాల నడిమి ఎత్తులో గోడ మీద అడ్డగీత కావాలి నాన్నా. వెలుగు అంచు దానికి కాస్త కింద ఆగాలి. దారం తెస్తానుండు."

"బోర్డులు రాసేవాడికి దారమా?" అన్నాడు పెయింటరు. సుద్దముక్క తీసుకున్నాడు. గోడకు ఒక పక్క నిలబడి ఊపిరి బిగబట్టి, నడుచుకుంటూ వెళ్ళి రెండో పక్క ఊపిరి వదిలాడు. వెనకాల గీత పడి ఉంది.

బుజ్జి రసమట్టం పెట్టి చూసింది. బుడగ మధ్యలోంచి అటూ ఇటూ కదల్లేదు. "చేతికి అలవాటైపోయింది, అంతే," అంది ఒప్పుకోవడం ఇష్టంలేక.

దీపాలు వేసింది. గోడ మీద రెండు పసుపుపచ్చని వెలుగులు విప్పారాయి. స్క్రూ తిప్పుతుంటే అవి మెల్లమెల్లగా దిగి గీత కింద సర్దుకున్నాయి. వెన్న రాసినట్టే ఉంది వెలుగు. పెయింటరు మురిపెంగా చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు తండ్రి గుర్తొచ్చాడు. 

వాకిట్లోంచి టైలరమ్మ నడిచొచ్చి బండి పక్కన ఆగింది. కళ్ళు చికిలించి గోడ వైపు చూసింది.

"బాగుంది బుజ్జీ. వెలుగు బాగుంది. కానీ రెండు గీతలెందుకు గీశారు?"

"రెండేమిటమ్మా? ఒకటే..."

"నువ్వెళ్ళి మీ అత్తను పిలుచుకురా," అన్నాడు పెయింటరు గబుక్కున.

బుజ్జి తండ్రి మొహం చూసింది. అందాకా ఉన్న వెలుగు ఆ మొహంలో లేదు. ఏమీ అడగకుండా వెళ్ళింది.

*

బండిని వెనక్కి తెచ్చి ఇంటి ముందు నిలబెట్టారు. స్టీరింగు దగ్గర పెయింటరు, పక్కన టైలరమ్మ, వెనక సీటులో బుజ్జి. వీధి ఆ కొసన గోడ ముందు టీసీ అత్త. సందర్భం ఎరిగిన మనిషి కదా, ఇస్త్రీ కోటు వేసుకుంది. దీపాలు కళ్ళలో కొడతాయని నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. కాళ్ళ దగ్గర బుట్టలో ఏవేవో వస్తువులు. ఏమేం తెచ్చిందో ఎవరికీ చెప్పలేదు.

"అన్ని టిక్కెట్లూ తీసి పెట్టుకోండి!" అని అక్కడి నుంచి అరిచింది. రెండు ఇళ్ళ కిటికీలు తెరుచుకున్నాయి.

"మొదలెట్టండి వదినా!" అంది టైలరమ్మ. మొగుడి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మీ మీద కోపంతో కాదండీ ఇదంతా. మీకేమైనా అయితే నేను బతకలేను. అందుకని."

పెళ్ళై ఇన్నేళ్ళలో ఆవిడ అంత సూటిగా అన్నది లేదు. పెయింటరు స్టీరింగు మీది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తెలుసు," అన్నాడు.

టీసీ అత్త మొదటి వస్తువు ఎత్తింది.

"కత్తెర," అన్నాడు పెయింటరు.

"తొందరపడకండి. నిదానంగా చూసి చెప్పండి."

"కత్తెరే."

"గరిటె అండీ అది! పొడుగ్గా కాడ కనిపిస్తుంటే..." టైలరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "వదినా! ఏమిటది?"

"నీ కత్తెరేనమ్మా! ఇంకా పదునుగానే ఉంది!"

టైలరమ్మ తల లోపలికి లాక్కుంది. "మూసి పట్టుకుంటే ఏదైనా గరిటెలాగే ఉంటుంది," అని గొణిగింది. "సరే. ఇది మీది."

రెండో వస్తువు లేచింది.

"కోట్లు తగిలించే హ్యాంగరు," అన్నాడు పెయింటరు.

ఆవిడ ముందుకు వంగి, చీరకొంగుతో బండి ముందద్దం లోపలివైపు తుడిచింది. బుజ్జి ఆ అద్దాన్ని మధ్యాహ్నమే కడిగి, కాగితంతో రుద్ది మెరిపించింది. తుడవడానికి అక్కడేమీ లేదు.

"అవునవును. హ్యాంగరే," అంది టైలరమ్మ.

పెయింటరు పక్కకు తిరిగి భార్య మొహాన్ని చూశాడు. ఆవిడ గోడవైపే చూస్తోంది. కనుబొమలు ముడిపడి ఉన్నాయి, పెదవులు బిగిసి ఉన్నాయి. దుకాణంలో బేరగాళ్ళ ముందు ధీమాగా నిలబడే మనిషి, తప్పిపోయిన పిల్లలా ఉంది. 

"ఇంకొక్కటే!" అని అరిచింది టీసీ అత్త. బుట్టలోంచి రెండు చేతులతో ఒక పెద్ద వస్తువు తీసి తలపైకి ఎత్తింది. గుండ్రంగా, తెల్లగా ఉంది.

"ఇది సులువు," అంది టైలరమ్మ, తేలికపడ్డ గొంతుతో. తీర్పరి నోరు విప్పకూడదన్న సంగతే మరిచిపోయింది. "పళ్ళెం పట్టుకుంది మీ అక్క. ఇదైనా సరిగ్గా చెప్పండి."

ఇంజను గుర్రుపెడుతోంది.

వెనక సీటులో బుజ్జి నోరు తెరవబోయింది. ముందు వేలాడే చిన్న అద్దంలో తండ్రి కళ్ళు ఆమె కళ్ళను పట్టుకున్నాయి. వద్దన్నాయి.

"పళ్ళెం!" అని కిటికీలోంచి అరిచాడు పెయింటరు.

"పళ్ళెమేమిట్రా నీ మొహం!" టీసీ అత్త గొంతు వీధంతా మారుమోగింది. "హాల్లో గోడగడియారం! మేకు నుంచి ఊడదీసి మరీ తెచ్చాను!"

టైలరమ్మ మళ్ళీ ముందుకు వంగి గోడవైపు చూసింది.

"సరేలే," అన్నాడు పెయింటరు. దీపాలు ఆర్పేశాడు. "ఓడిపోయాను. రేపు డాక్టరు వస్తే తాళం ఇచ్చెయ్యి. మంచివాడే. చూసుకుంటాడు."

స్టీరింగును ఒకసారి అరచేత్తో నిమిరాడు.

టైలరమ్మ తల తిప్పి మొగుణ్ణి చూసింది. ఆ గడియారం మీద అంకెలు పాతబడి చెరిగిపోతే, కిందటి చలికాలం బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్కటే ఎర్రరంగుతో తిరిగి రాసింది ఈయనే. కుంచె కొన నాలుకతో తడుపుతుంటే తను కసురుకుంది కూడా. తన చేతిరాతను ఈ మనిషి పోల్చుకోలేకపోవడమా?

"ఎందుకలా చెప్పారు?" అంది.

"కనిపించింది చెప్పాను."

"ఆ అంకెలు మీరు రాసినవి."

"గుండ్రంగా ఉంది, పళ్ళెమనుకున్నాను."

"నేనన్నానని అన్నారు."

పెయింటరు కళ్ళద్దాలు తీసి చొక్కా కొనతో తుడిచాడు.

"నాకు అంకెలు కనపడలేదండీ," అంది టైలరమ్మ. మాటలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. "ముళ్ళూ కనపడలేదు. కత్తెర కనపడలేదు. రెండోది మీరు హ్యాంగరంటే అవునన్నాను. అక్కడ నిలబడింది వదినని మనమే పంపాం కాబట్టి అనుకుంటున్నాను గానీ, నాకు కనిపిస్తున్నది నల్లగా ఒక నీడ. దీపం వేస్తే దాని చుట్టూ పొగమంచులా ఉంటోంది. మీ దీపాలు మంచివి కావు, అద్దం మురికి అనుకుంటున్నానే గానీ..."

బుజ్జి వెనక సీటులోంచి ముందుకు వంగి తల్లి భుజం పట్టుకుంది. "దగ్గరివి బాగా కనిపిస్తున్నాయని అందరం మురిసిపోయామే అమ్మా. దూరం సంగతి నేనైనా అడగాల్సింది."

టైలరమ్మ మొగుడి వైపే చూస్తోంది. "ఆ రోజు గేటు దగ్గర మీకు తెలుసా?"

"తెలియదు. అనుమానం వచ్చింది. నువ్వు ఏనాడూ లెక్క తప్పవు. గుడ్డ కత్తిరించేటప్పుడు ఒక నూలుపోగంత కూడా తేడా రానివ్వవు. అలాంటిది బోలెడు చోటుందన్నావు."

"మరి దీపాల మీదికెందుకు తోశారు?"

"దీపాలు కూడా బాగాలేవుగా! నీ కూతురు కొలిచి చూపించింది, అడుగు."

టైలరమ్మకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందో తేల్చుకోలేక రెండూ కలిపి కానిచ్చింది. "ఇన్ని రోజులు మిమ్మల్ని గుడ్డివాడని ఆడిపోసుకున్నాను. పరాయివాడికి చెప్పి బండిని అమ్మబోయాను. ఒక్కమాట తిరిగి అనలేదేమండీ?"

"అన్నానుగా, చల్లటి కాఫీయే పడుతోందని."

ఏప్రను జేబులో చెయ్యి పెట్టబోయి, ఇంజను నడుస్తోందనీ తాళం బండికే ఉందనీ గుర్తొచ్చి ఆవిడ సిగ్గుపడింది. "రేపు పొద్దున డాక్టరుకు నేనే చెప్తాను. పెద్దాయన ఎక్కడికీ రాడని. ఆ తర్వాత నన్ను కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మీరే నడపాలి. నేను నోరు మూసుకుని కూర్చుంటాను."

"అంత కష్టమెందుకులే. ఫిర్యాదులు లేకపోతే నాకు దారి తెలియదు."

గడియారాన్ని చంకలో పెట్టుకుని టీసీ అత్త వచ్చి కిటికీ తట్టింది. నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టింది. "ఇంతకీ ఎవరు నెగ్గారు? వీధంతా అడుగుతోంది."

"నేను ఓడిపోయాను వదినా," అంది టైలరమ్మ, చిరునవ్వుతో. ఆ మాట అనడం అంత తేలికని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

టీసీ అత్త ముగ్గురి మొహాలూ చూసింది. రైళ్ళలో మనుషుల్ని చదివిన అనుభవం. ఇంకో మాట అడగకుండా "రా బుజ్జీ, ఈ గడియారం మేకుకి తగిలిద్దువుగాని" అని పిల్లను తీసుకుని లోపలికి నడిచింది.

బండిలో ఇద్దరే మిగిలారు. పెయింటరు దీపాలు మళ్ళీ వేశాడు. టైలరమ్మ వీపు వెనక్కి వాల్చింది. ఎన్ని రోజులుగానో బిగబట్టుకున్న ఒళ్ళు వదులైంది. పక్కన ఈ మనిషి ఉన్నాడు, అంతే చాలుననిపించింది. ఆ మాట కూడా చెప్దామనుకుంది. నోటికొచ్చింది మాత్రం వేరొకటి.

"పెళ్ళికూతురి గౌను ఒకటి సగంలో ఉంది. చేతిపనంతా నేనే చేస్తానని ఒప్పుకున్నాను."

"దగ్గరివి కనిపిస్తున్నాయంటున్నావుగా."

"ఇవాళ కనిపిస్తున్నాయి," అంది టైలరమ్మ.

పెయింటరు ఏదో హాస్యమాడబోయి ఆగాడు.  ఆవిడ కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. సూది పొడుచుకుని పొడుచుకుని గరుకెక్కిన ఆ వేలికొసలను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయాడు.